నాలుగు తర్వాత

మా వంటింట్లో ఎవడో పరాయి మగాడు "గిరీజా, యానమ్ పెట్టూ" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. అడిగింది మా ఆయనే, పరాయివాడు కాదు. గొంతు కాన్సర్‌కి ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి పీల్చేది అందులోంచే. ఏదైనా చెప్పాలంటే టాబ్లెట్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేస్తారు, దాన్ని ఒక అమెరికన్ గొంతు పైకి చదివి పెడుతుంది. టీవీలో వాతావరణం చెప్పే మనిషి గొంతు అది. నేను వాడికి కెవిన్ అని పేరు పెట్టాను. "మీ కెవిన్‌ని నోరు మూసుకోమనండి, అన్నం పెడతాను" అంటే ఆయన భుజాలు కదిలించి నవ్వేవారు. ఆ నవ్వుకి చప్పుడు లేదు.

మా ఆయన పేరు దామోదర్. మాటలు తక్కువ మనిషి. పాతికేళ్ల కాపురంలో ఆయన నాతో మాట్లాడినవన్నీ పోగేస్తే మా అక్కయ్య చేసే ఒక్క ఫోన్ కాల్‌కి సరిపోవు. అయినా ఆ కొంచెంలోనే ఒక గొంతు ఉండేది. కాస్త బొంగురు. "గిరిజా" అన్నప్పుడు చివరి అక్షరం దగ్గర మెత్తగా కిందికి దిగేది. నాకు అది కావాలి. మనిషి బతికి ఎదురుగా కూర్చున్నాడు కదా, ఇంకేం కావాలి అని టెంపుల్లో ఒకావిడ నాకు బుద్ధి చెప్పబోయింది. ఆవిడ మొగుడు రోజంతా వాగుతూనే ఉంటాడు. ఆవిడకేం తెలుస్తుంది?

ఆపరేషన్‌కి ముందే గొంతు రికార్డు చేసి దాచుకోవచ్చని హాస్పిటల్లో చెప్పారు. సోమవారం రమ్మన్నారు. అంతకు ముందు శుక్రవారం మధ్యాహ్నమే ఆయన ఊపిరాడక హాల్లో పడిపోయారు. ఎమర్జెన్సీలోనే మెడకి గొట్టం వేశారు, అక్కడినుంచే ఆపరేషన్‌కి తీసుకుపోయారు. ఆయన నోటితో నాతో చివరగా అన్న మాట "గరాజ్ డోర్ మూశావా?" అని. నేను "ఆ" అన్నాను. అంతే, అయిపోయింది.

తర్వాత స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాం. రేడియేషన్‌తో మెడ గట్టిపడిపోవడం వల్ల మాట తెప్పించే మిగతా పద్ధతులేవీ ఆయనకి కుదరవంది. "పాత రికార్డింగులు ఉంటే తీసుకురండి. వెనకాల మ్యూజిక్, గోల లేకుండా ఆయన గొంతు ఒక్కటే ఉండాలి. కొన్ని నిమిషాలు దొరికినా చాలు, టాబ్లెట్ ఆయన గొంతుతోనే మాట్లాడేలా చేద్దాం" అంది. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "రికార్డింగులకేం తక్కువమ్మా! మా ఆయన పదేళ్లు రికార్డింగుల్లోనే బతికారు. నాలుగు ఆల్బమ్‌లు" అన్నాను గొప్పగా. పక్కన ఆయన నేలచూపులు చూశారు. నీరసం అనుకున్నాను.

ఆ ఆల్బమ్‌ల సంగతి చెప్పాలి. ఆయన పెరిగింది విండ్సర్‌లో. డెట్రాయిట్ నదికి ఇటువైపు మేం, అటువైపు కెనడా. ఒడ్డునే ఉంటుంది ఆ ఊరు. మా మామగారు గుడివాడ నుంచి వచ్చి అక్కడి కార్ల ఫాక్టరీలో ఇంజనీరుగా చేరారు. కొడుకు కూడా ఇంజనీరే అయ్యాడు గానీ, కాలేజీలో ఉండగానే ఇద్దరు స్నేహితులతో కలిసి రాక్ బ్యాండ్ పెట్టాడు. పేరు గ్రే బార్జ్. ఆ నదిలో ఇనప ఖనిజం మోసుకుపోయే బూడిద రంగు పడవలుంటాయి, వాటి పేరే పెట్టుకున్నారు. పాట, గిటార్ గ్లెన్. బేస్ గిటార్ మార్సెల్. మా ఆయన డ్రమ్స్.

మొదటి ఆల్బమ్ 'సాల్ట్ అండర్ ది రివర్', 1989లో. నది కింద ఉప్పు గనులున్నాయి. ఆ ఉప్పు నిలవచేసే గోదాము ఒకటి ఖాళీగా ఉంటే అందులో రికార్డు చేశారట. కాంక్రీటు గోడల మధ్య డ్రమ్స్ ఎంత పెద్దగా మోగాయంటే గ్లెన్ ఏం పాడుతున్నాడో సగం అర్థం కాదు. రెండోది 'టన్నెల్ బస్'. నది కింది సొరంగంలో రెండు దేశాల మధ్య తిరిగే బస్సు మీద పాట. అది కెనడా అంతా మోగింది. అక్కడ రేడియోల వాళ్లు సొంత దేశం పాటలు ఇన్ని వేసి తీరాలని రూలుంది, కాబట్టి పొద్దునా సాయంత్రం అదే వేసేవారట. విండ్సర్‌లో మంగలి షాపువాడు కూడా వీళ్ల దగ్గర డబ్బులు తీసుకునేవాడు కాదు. బ్రిడ్జి దాటి డెట్రాయిట్ వస్తే కుక్క కూడా పట్టించుకునేది కాదు. మూడో ఆల్బమ్ పెద్ద కంపెనీ డబ్బుతో టొరంటోలో చేశారు. పెద్ద స్టూడియో, పెద్ద ఖర్చు. నిండా మునిగింది. నాలుగోది 'లాస్ట్ షిఫ్ట్' సగంలో ఉండగా గ్లెన్ మత్తుమందుకి బలైపోయాడు. ఉన్నంతవరకు అతికించి విడుదల చేశారు. పత్రికల వాళ్లంతా మెచ్చుకున్నారు, ఎవరూ కొనలేదు. ఆ మరుసటేడు మా ఆయన డ్రమ్స్ అమ్మేసి, డెట్రాయిట్ దగ్గర నోవైలో కార్ల సీట్లు చేసే కంపెనీలో చేరి, తెనాలి వచ్చి నన్ను పెళ్లి చేసుకున్నారు.

పెళ్లిచూపుల్లో ఇదంతా చెప్పలేదు. "హాబీలు ఏమిటి బాబూ?" అని మా నాన్న అడిగితే "కొంచెం మ్యూజిక్ వింటాను" అన్నారు. ఇక్కడికొచ్చాక బేస్‌మెంట్‌లో ఒక అట్టపెట్టె తెరిస్తే ఆల్బమ్ కవర్ మీద భుజాల దాకా జుట్టుతో, తోలు జాకెట్‌తో ఒక మనిషి కనిపించాడు. ఎవరీ రౌడీ అనుకున్నాను. కాసేపటికి గానీ ఆ ముక్కు గుర్తుపట్టలేదు. ఆ పాటలు నాకు ఎక్కలేదు, ఉన్నమాట చెబుతున్నాను. కానీ ఆయన కార్లో స్టీరింగ్ మీద వేళ్లతో వాయిస్తూ పోతుంటే పక్కన కూర్చోవడం నాకు ఇష్టంగా ఉండేది.

థెరపిస్ట్ చెప్పాక వచ్చిన వారాంతానికి మా అమ్మాయి దియ షికాగో నుంచి వచ్చింది. ముందు ఫోన్లలోని వీడియోలన్నీ చూశాం. పుట్టినరోజులు, నయాగరా, సంక్రాంతి ముగ్గుల పోటీ, దియ డాన్సులు. ఫోన్ పట్టుకున్నది ఎప్పుడూ ఆయనే, అందుకని ఏ వీడియోలోనూ ఆయన లేరు. ఎక్కడైనా గొంతు వినపడితే దానిమీద గాలి హోరో, కేక్ చుట్టూ పిల్లల అరుపులో. "ఇటు చూడు." "అయిందా?" అంతకుమించి ఒక్క మాట లేదు. వాయిస్ మెసేజీలు ఆయనకి అలవాటే లేదు. నేను పేజీడు మెసేజ్ పెడితే 'ఓకే' అని జవాబిచ్చే మనిషి.

"వీటితో పనిలేదు, టేపులున్నాయిగా" అన్నాను.

స్టూడియోలో టేపు తిరుగుతూనే ఉంటుందని, పాటకీ పాటకీ మధ్య వీళ్లు చెప్పుకునే కబుర్లు, తిట్టుకోవడాలు, జోకులు అన్నీ అందులో పడతాయని మార్సెల్ ఒకసారి మా డైనింగ్ టేబుల్ దగ్గరే చెప్పాడు. గంటలకొద్దీ ఉందన్నాడు. మంచి మైకు, మంచి గది. ఇంకేం కావాలి? పైగా కోవిడ్ టైములో మా ఆయనే ఆ టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. పాత టేపులు తేమ పట్టి జిగురెక్కుతాయట. సన్నటి వేడి మీద గంటల తరబడి ఆరబెడితే తప్ప మెషీన్ మీద తిరగవు, తిరిగినా ఒకటి రెండుసార్లే. అందుకని పళ్లముక్కలు ఎండబెట్టే డీహైడ్రేటర్ ఒకటి కొని, ఆయనా మార్సెలూ కలిసి మా బేస్‌మెంట్‌లో టేపులు ఎండబెట్టారు. పని అయ్యాక దాంట్లో నేను మినప వడియాలు పెట్టుకుంటానంటే, ఆయన కంగారుపడి దాన్ని గరాజ్‌లో పైకెక్కించేశారు.

దియ అవన్నీ ఉన్న హార్డ్‌డ్రైవ్ తీసి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కాఫీ చల్లారబెట్టుకుంటూ కూర్చున్నాను. ఒక ఫైలు, ఇంకో ఫైలు, ఇంకో ఫైలు. దాని మొహంలో ఏ మార్పూ లేదు. చాలాసేపటికి హెడ్‌ఫోన్లు తీసేసింది.

"అమ్మా, ఏం లేదు. అన్ని ఫైల్స్ ఫస్ట్ బీట్ దగ్గరే స్టార్ట్ అవుతున్నాయి. పాట ఐపోగానే ఎండ్. మధ్యలో టాకింగ్ ఏం లేదు. ఎవరో క్లీన్‌గా కట్ చేసేశారు."

"ఎవరో ఏమిటి?" అంటూ నేను హాల్లోకి వెళ్లాను. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. బయట మంచు తీసే బండి వీధిలో పోతోంది. "మీ మాటలు ఏమయ్యాయండీ, టేపుల్లోవి?" అని అడిగాను.

ఆయన టైప్ చేశారు. కెవిన్ చెప్పాడు. "నేనే కట్ చెసాను."

"ఎందుకు?"

"పాట ముందు వచ్చేది పాట కాదు."

"టేపులు?"

"చెత్తలో వెసాను."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఒంట్లో బాగాలేని మనిషి అని కూడా చూడలేదు. "ప్రపంచంలో ఎవరైనా తన గొంతు తనే కోసుకుంటారా?" అని అరిచాను. అనేశాక ఆయన మెడకున్న కట్టు కనిపించింది. నోటి మాట వెనక్కి తీసుకోలేను కదా. వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. దియ వెనకాలే వచ్చి, "నేను మార్సెల్ అంకుల్‌కి కాల్ చేస్తా" అంది.

మార్సెల్ ఆదివారం పొద్దునే విండ్సర్ నుంచి అంబాసిడర్ బ్రిడ్జి మీదుగా వచ్చేశాడు. స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎంత మంచు పడినా లెక్కలేదు. చలికోటు విప్పకుండానే మా ఆయన్ని కావలించుకుని, "డామో, నువ్వు ఎప్పుడూ ఇంతే మాట్లాడేవాడివి, నాకైతే తేడా ఏం తెలియడం లేదు" అన్నాడు. మా ఆయన చప్పుడు లేకుండా నవ్వారు. మార్సెల్ చంకలో గోధుమ రంగు కాగితం చుట్టిన పలకలాంటిది ఉంది. దాన్ని బల్లమీద పెట్టి, దానిమీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"టేపుల్లో ఏం మిగల్లేదు గిరిజా. ఆరబెట్టింది నేను, కోసింది ఇతను. ఎవరి మాటలూ వద్దన్నాడు. గ్లెన్ మాటలు కూడా ఉంచలేదు. నేను గొడవపడ్డాను, వినలేదు. కానీ ఇంకొకటి ఉంది. ఇతనికి తెలియదు."

మా ఆయన కాగితం చుట్టిన దాన్ని చూశారు. చూడగానే గుర్తుపట్టినట్టున్నారు. వద్దన్నట్టు చెయ్యి ఊపారు. మార్సెల్ ఆ చేతిని పట్టుకుని కిందికి దించి, తన చేతిలోనే ఉంచుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"మేం మొదట కలిసి వాయించినప్పుడు ఇతనికి భయం. డ్రమ్మర్ నాలుగు లెక్కపెడితే అందరం ఒకేసారి మొదలుపెట్టాలి. ఆ కంగారులో ఇతను మీ భాషలో లెక్కపెట్టాడు. గ్లెన్ పడీపడీ నవ్వాడు. నవ్వి, అలాగే ఉంచమన్నాడు. ఎందుకంటే ఇంగ్లిష్‌లో లెక్కపెడితే గ్లెన్ ఎప్పుడూ మూడు దగ్గరే దూకేసేవాడు. ఇతని లెక్కకి మాత్రం ముగ్గురం ఒకేసారి పడ్డాం. ఇక ప్రతి పాటకీ అదే. ఉప్పు గోదాములో కూడా అదే. మామూలుగా ఆ లెక్క కోసేస్తారు. కానీ మిక్సింగ్ చేసినతనికి అది నచ్చి, మొదటి పాట ముందు అలాగే ఉంచేశాడు. ఆల్బమ్ అలాగే అచ్చయింది."

"అచ్చయితే ఏమైంది?" అన్నాను.

"టొరంటోలో ఒక పత్రికవాడు రాశాడు. ఆల్బమ్ మొదట్లో ఎవడో కూరగాయల బేరం ఆడుతున్నాడు, అది దాటితే పాటలు ఫరవాలేదు అని. మేం నవ్వుకున్నాం. ఇతను నవ్వలేదు. రెండోసారి అచ్చు వేసినప్పుడు ఆ లెక్క తీయించేశాడు. అమ్ముడుపోని పాత రికార్డుల పెట్టెలు నా వ్యాన్‌లో ఉంటే, ఒక్కడే పోయి చెత్తకుప్పలో పడేసి వచ్చాడు. ఆ తర్వాత ఇతను నోటితో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. రెండు పుల్లలు టక్ టక్ కొట్టేవాడు, అంతే. మిగతా మూడు ఆల్బమ్‌లూ ఆ పుల్లలతోనే మొదలయ్యాయి. నన్నడిగితే మేం మళ్లీ ఎప్పుడూ సరిగ్గా ఒకేసారి మొదలుపెట్టలేదు." కాగితం విప్పాడు. "నేను ఒకటి దాచాను. చెబితే చంపేస్తాడని ఇంతకాలం చెప్పలేదు."

నేను మా ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూడలేదు. కాస్ట్‌కో షాపులో నేను ఫోన్లో అక్కయ్యతో మాట్లాడుతుంటే "కొంచెం మెల్లగా" అని నా మోచెయ్యి పట్టుకునేవారు. దియ చిన్నప్పుడు పార్కులో అది ఎంత తెలుగులో పిలిచినా ఆయన ఇంగ్లిష్‌లోనే పలికేవారు. సిగ్గరి మనిషి, నెమ్మదస్తుడు అని నేను మా వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఎవడో పనికిమాలినవాడు రెండు వాక్యాలు రాసి పారేస్తే, ఈయన జీవితమంతా దాన్ని మోశారు. నాకు ఆ పత్రికవాణ్ణి పట్టుకుని చెంప పగలగొట్టాలనిపించింది. ఈయన్ని కూడా.

బేస్‌మెంట్‌లో ఉన్న పాత ప్లేయర్ దియ పైకి తెచ్చింది. మార్సెల్ రికార్డు పెట్టి ముల్లు దించాడు. ముందు చిటపటలు. దూరంగా ఎవరో ఇనప కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఆ పెద్ద ఖాళీ గోదాములో ఒక కుర్రవాడి గొంతు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు."

ఆ వెంటనే కిటికీ అద్దాలు అదిరేలా మోత మొదలైంది. మార్సెల్ ముల్లు ఎత్తేశాడు.

ఆ గొంతులో బొంగురు లేదు. అప్పటికి ఆ మనిషికి పాతికేళ్లు కూడా లేవు, నేనింకా లంగా ఓణీలో తిరుగుతున్నాను. కానీ 'నాలుగు' అన్నప్పుడు చివర్లో మెత్తగా కిందికి దిగింది, నా పేరు దగ్గర దిగినట్టే. నేను ఏడ్చాను. దాచుకోవడానికేముంది? మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ పెట్టాడు. ప్రతిసారీ నాలుగు కాగానే ముల్లు ఎత్తేయమన్నాను, పాట నాకు అక్కర్లేదు. మా ఆయన కుర్చీలో తల వంచుకుని కూర్చుని ఉన్నారు. కుడిచేతి వేళ్లు మాత్రం మోకాలి మీద, ఆగిపోయిన పాటని ముందుకు వాయిస్తున్నాయి.

మార్సెల్ వెళ్లాక ఆయన పక్కన కూర్చుని అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

చాలాసేపు టైప్ చేసి, చెరిపి, మళ్లీ టైప్ చేశారు. "చెబితే నువ్వు తిడతావని."

"తిట్టేదాన్నే. బాగా తిట్టేదాన్ని. తిట్టి ఆ లెక్కతోనే రోజూ అన్నానికి పిలిపించుకునేదాన్ని."

కెవిన్‌ని పక్కన పెట్టేశారు. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

దియ ఆ నాలుగు మాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి థెరపిస్ట్‌కి పంపింది. నాలుగు మాటలతో గొంతు తయారుకాదని ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "చాలకపోవడమేమిటి? ఆయన రోజుకి అంతకంటే ఎక్కువ ఎప్పుడు మాట్లాడారు?" అని నేను ఫోన్లో పోట్లాడాను. పాపం ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? కెవిన్ ఉండిపోయాడు. దియ మాత్రం టాబ్లెట్‌లో ఒక మూల ఎర్ర బటన్ పెట్టింది. నొక్కితే ఆ నాలుగు మాటలూ వస్తాయి. "నన్ను పిలవాలంటే అది నొక్కండి, కెవిన్‌తో పిలిస్తే నేను పలకను" అని చెప్పేశాను.

మొదట్లో ముట్టుకోలేదు. చెంచాతో కంచం మీద కొట్టేవారు. దియ షికాగో వెళ్లిపోయిన కొన్నాళ్లకి, నేను లాండ్రీ గదిలో బట్టలు మడతపెడుతుంటే పైనుంచి వినిపించింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు." బట్టలు అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఆయనకి కావలసింది మంచినీళ్లు. గ్లాసు పక్కనే ఉంది. ఇద్దరం దాన్ని చూశాం, నేను తీసి అందించాను.

అక్కడినుంచి ఇల్లంతా అదే పిలుపు. కాఫీకి, మందుకి, టీవీ రిమోట్‌కి, ఏమీ లేకపోయినా ఊరికే. ఒకరోజు కాస్ట్‌కోకి టాబ్లెట్ వెంట తెచ్చుకున్నారు. నేను వరుసలో ముందుకి వెళ్లిపోతే, అంతమంది మధ్య వాల్యూమ్ పూర్తిగా పెంచి నొక్కారు. అందరూ తిరిగి చూశారు. ఆయన తల ఎత్తుకునే నిలబడ్డారు. ఆ రోజంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

వేసవిలో స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లోకి వచ్చిందన్నారు. ఇంక చేసేదేమీ లేదు, నొప్పి తెలియకుండా చూడడమే అన్నారు. దియ లీవ్ పెట్టి వచ్చేసింది. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం మా ఇద్దరి వల్ల అయ్యేది కాదు. నేను ముందు ఎత్తితే అది ఆలస్యం, అది ఎత్తితే నేను ఆలస్యం, మధ్యలో ఆయనకి నొప్పి. మార్సెల్ వారాంతాల్లో వచ్చి భుజాల కింద చేతులు వేసేవాడు, ముగ్గురికీ కుదిరేది కాదు. ఒకసారి అలా తంటాలు పడుతుంటే ఆయన విసుగ్గా టాబ్లెట్ లాక్కుని ఎర్ర బటన్ నొక్కారు. నాలుగు అయ్యాక వేలితో గాలిలో కొట్టి చూపించారు. అప్పుడు ఎత్తాలి. నాలుగు దగ్గర కాదు, నాలుగు తర్వాత.

మార్సెల్ నవ్వాడు. "డామో, ఇప్పటికి మళ్లీ దారికొచ్చావు" అన్నాడు.

నాలుగు అన్నాక చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ముగ్గురం ఊపిరి బిగబట్టి, ఒకేసారి ఎత్తేవాళ్లం. ఆయనకి నొప్పి తగ్గింది. ఆకులు రాలే రోజులొచ్చేసరికి ఆ బటన్ నొక్కే బలం కూడా ఆయనకి పోయింది. దియ నొక్కేది. రోజురోజుకీ బరువు తగ్గిపోయారు, చివరికి ఎత్తడానికి నేనొక్కదాన్నే సరిపోయేదాన్ని. అయినా ముగ్గురం ఎత్తేవాళ్లం.

అక్టోబర్లో ఒక పొద్దున, నేను గ్లాసులో పాలు కలుపుతుండగా పోయారు. పిలవలేదు.

అమెరికాలో దహనం అంటే ఒక బటన్. ఫ్యూనరల్ హోమ్ వెనకాల తెల్ల టైల్స్ గది. గోడకి ఇనప తలుపు, దాని పక్కన ఆకుపచ్చ బటన్. పంతులుగారు మంత్రాలు ముగించి, "కూతురైనా ఫరవాలేదమ్మా, ఈ రోజుల్లో అందరూ చేస్తున్నారు, నొక్కమ్మా" అన్నారు. పెట్టెను లోపలికి పంపి తలుపు దించేశారు. దియ చెయ్యి బటన్ దాకా వెళ్లి ఆగిపోయింది. "అమ్మా, నా వల్ల కాదు" అంది. దాని చేతిమీద నా చెయ్యి వేశాను. నా వల్లా కాలేదు. నొక్కితే ఆయన ఉండరు. అంతసేపూ నాకు అదొక్కటే తెలుసు. వెనకనుంచి మార్సెల్ వచ్చి మా ఇద్దరి చేతులమీద తన చెయ్యి పెట్టాడు. మూడు చేతులూ అలా ఉండిపోయాయి. ఆ గది చూసుకునే మనిషి దగ్గాడు. బయట ఇంకో కుటుంబం ఎదురుచూస్తోంది. పంతులుగారు "ఆలస్యం చేయకూడదమ్మా" అన్నారు మెల్లగా.

దియ రెండో చేత్తో భుజానికున్న సంచిలోంచి టాబ్లెట్ తీసింది. నన్ను చూసింది. నేను తల ఊపాను. ఎర్ర బటన్ నొక్కింది.

టైల్స్ గది కాబట్టి గొంతు పెద్దగా మోగింది. ఉప్పు గోదాములో కూడా ఇలాగే మోగి ఉంటుంది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు."

ఎవరమూ ముందుగా దూకలేదు. ఆ ఖాళీలో ముగ్గురం ఊపిరి బిగబట్టి, ఒకేసారి నొక్కాం. డ్రమ్స్ మొదలవ్వాల్సిన చోట, సరిగ్గా అక్కడే, తలుపు వెనకాల మంట హోరుమంది.